మా మనవరాలికి సన్నాయి పాఠం కుదిరిన వైనం

బోర్డు కనిపిస్తే ఆగి చదవడం నాకు అలవాటు. యాభై దాటాక, అమృతలూరు పంచాయతీ వరండాలో పెట్టిన సాయంత్రం బడిలో నేను అక్షరాలు దిద్దాను. కష్టపడి సంపాదించుకున్నవి కాబట్టి ఒక్కటీ వదలను. చిన్నప్పుడే చదువుకున్నవాళ్లు బోర్డు వంక చూస్తారు గాని చదవరు. మా కోడలు అంతే. డిగ్రీ చదివింది. మేముంటున్న తెనాలిలో ఒక మేడ కిందే రోజూ కూరలు కొంటుంది. మేడ మీద ఏం రాసి ఉందో ఆవిడకి తెలియదు.

నేను చదివాను. పిల్లలకు వాద్యాలు నేర్పబడును. తెనాలి, బాపట్ల, రేపల్లె. వాద్యం లేనివారికి వాద్యం ఇవ్వబడును.

ఆ ఆఖరి ముక్క దగ్గర ఆగిపోయాను. బియ్యం ఇస్తారు, సైకిళ్లు ఇస్తారు, ఓట్ల ముందు చీరలు ఇస్తారు. వాద్యం ఇవ్వడమేంటి? తెలుసుకోకుండా కదలబుద్ధి కాలేదు. కోడలు దొండకాయలు ఏరుతూ ఉంటే నేను మెట్లెక్కాను.

పైన ఒక మేడమ్ కూర్చుని ఉంది. అడిగాను.

"వాడుకోవడానికి ఇస్తామండి మామ్మగారూ. నేర్చుకున్నన్నాళ్లూ మీ ఇంట్లోనే ఉంటుంది. మానేస్తే తిరిగి తెచ్చి ఇచ్చేయాలి."

"పగలగొడితే?"

"పగలగొట్టకూడదండి."

మంచి సమాధానం. మనిషి నచ్చింది. "ఏ పిల్లకి ఏ వాద్యమో ఎవరు చెప్తారు? మీరా, జాతకం చూస్తారా?" అన్నాను.

"పిల్లలే చెప్తారండి. ఈ ఆదివారం బాపట్లలో అన్ని వాద్యాలూ పరిచి పెడుతున్నాం. మేష్టార్లంతా అక్కడే ఉంటారు. పిల్లలు అన్నీ ముట్టుకుని చూస్తారు. దేన్ని వదలబుద్ధి కాకపోతే అదే వాళ్లది."

ఈ పద్ధతి నాకు కొత్తగా ఉంది. మా కాలంలో పిల్లకి గాజులు కూడా పెద్దవాళ్లే ఎంచేవారు.

కోడలికి చెబితే, "సంగీతమా, మంచిదే అత్తయ్యా. కీబోర్డ్ నేర్పిద్దాం. ఇంక చూసేదేముంది?" అంది. మా అబ్బాయికి పురుగుమందుల కొట్టు ఉంది. వాడు లెక్కల్లోంచి తల ఎత్తకుండా, "సరే, ఏదో ఒకటి," అన్నాడు. వాడి ఆ సరే వెనక ఒక సంగతి ఉంది. మా మనవరాలికి పదేళ్లు నిండబోతున్నాయి. డాన్సుకి పంపితే మానేసింది, చెస్‌కి పంపితే మానేసింది, బొమ్మలు వేయడం కూడా మానేసింది. అల్లరి పిల్ల కాదు. ఏదీ కావాలని అడగదు. పెడితే తింటుంది, తీసేస్తే ఊరుకుంటుంది. అల్లరి చేసే పిల్లతో వేగొచ్చు. ఏదీ అక్కర్లేని పిల్లని చూస్తే నాకు భయం వేసేది. ఆ మాట బయటికి అనలేదు.

ఆదివారం కోడలు, నేను, పిల్ల పాసింజరెక్కి బాపట్ల వెళ్లాం. ఒక బడి హాల్లో ఏర్పాటు చేశారు. గుమ్మంలో అడుగు పెట్టగానే నాకో వింత కనిపించింది. పొడుగాటి బల్ల మీద వరసగా కీబోర్డులు, ఒక్కో దాని ముందు ఒక్కో పిల్ల, అందరి చెవులకీ ఇయర్‌ఫోన్లు. చకచకా వేళ్లు కదుపుతున్నారు. చప్పుడు లేదు. మీటలు టకటకలాడటం తప్ప ఏమీ వినపడదు. ఎవరి పాట వాళ్ల చెవిలోనే. ఒక పిల్లాడు తలూపుతున్నాడు, పక్కవాడు ఇంకో రకంగా తలూపుతున్నాడు. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఇంటికి చుట్టాలొస్తే వీళ్లు ఏం వినిపిస్తారు?

వీణ, వయొలిన్, మృదంగం, వేణువు, గిటారు అన్నీ ఉన్నాయి. మా పిల్ల ఒక్కోటి ముట్టుకుంది, పెట్టేసింది. కోడలు చెయ్యి పట్టుకుని కీబోర్డు వైపు లాగుతోంది. హాలు చివర కిటికీ కింద సన్నాయి పెట్టుకుని ఒకాయన కూర్చున్నాడు. సన్నటి మనిషి, జుట్టుకి నల్లరంగు, చేతికి పెద్ద గడియారం. ఆయన ముందు ఎవరూ లేరు. మిగతా అన్ని చోట్లా పిల్లలు తోసుకుంటుంటే ఇక్కడ కుర్చీ ఖాళీగా ఉందేంటని నేనే వెళ్లి కూర్చున్నాను.

"ఏం మేష్టారూ, మీ దగ్గరికి ఎవరూ రావడం లేదేంటి?"

"అందరూ పెళ్లి కాని పిల్లలు కదమ్మా. పెళ్లి కుదిరితే వాళ్లే వస్తారు."

నవ్వాను. ఆయన నవ్వలేదు. మోకాలు రాసుకుంటూ కూర్చున్నాడు.

ఎందుకు రారో నాకు తెలియక కాదు, ఆయనకి తెలియక కాదు. మా ఊళ్లలో ఊరికి క్షవరం చేసే ఇళ్లవాళ్లే సన్నాయి ఊదేవాళ్లు, డోలు కొట్టేవాళ్లు. వాళ్లు ఊదందే మాకు తాళి కట్టించడం చేతకాదు. కాని ఆ గొట్టం మా ఇళ్ల పిల్లలెవరూ ముట్టుకోరు. ముట్టుకోవద్దని ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఖాళీ కుర్చీని చూస్తే తెలిసిపోతుంది.

ఆయన సన్నాయికి ఒక దారం వేలాడుతోంది. దారానికి చిన్న చిన్న గడ్డి ముక్కల్లాంటివి కట్టి ఉన్నాయి. ఏంటవి అని అడిగాను.

"పీకలమ్మా. గడ్డితో చేస్తారు. దీన్ని నోట్లో తడిపి, కొసన పెట్టి ఊదాలి. పీక లేకపోతే ఇది ఉత్త కర్ర."

ఇంతలో మా పిల్ల వాళ్లమ్మ చెయ్యి వదిలించుకుని వచ్చింది. ఆయన పొట్టి సన్నాయి ఒకటి తీసి, పీక పెట్టి అందించాడు. ఊదింది. ఏమీ రాలేదు. బుగ్గలు పొంగించి ఊదింది. గాలి బుస్సుమంది. మూడోసారి ఏం చేసిందో, బాతు గొంతు నొక్కినట్టు ఒక కూత లేచింది. హాలంతా ఇటు తిరిగింది. ఇయర్‌ఫోన్ల పిల్లలు కూడా తిరిగారు. మా పిల్ల ఉలిక్కిపడి, సన్నాయిని తిప్పి అడుగు వైపు నుంచి లోపలికి చూసింది, అదెక్కడి నుంచి వచ్చిందా అని.

తర్వాత ఆయన్ని అడిగింది, "ఇంకోసారి ఊదొచ్చా?"

ఆ పిల్ల ఒకటి కావాలని అడగడం నేను వినడం అదే మొదలు.

ఊదింది, ఊదింది. కోడలు వచ్చి "చాలమ్మా" అన్నా వదల్లేదు. మేడమ్ చెప్పినట్టు అది వదలబుద్ధి కాని వాద్యమే. నేను మేష్టారుతో, "అయితే రాసుకోండి, మా పిల్ల సన్నాయికి," అన్నాను. కోడలు నా వంక చూసిన చూపుకి ఇంకొకరైతే మాట మార్చుకునేవారు.

మేష్టారు మాత్రం ఏమీ సంబరపడలేదు. "పేరు మేడమ్ గారు రాసుకుంటారమ్మా. నా పాఠం మొదలవ్వడానికి వేరే పద్ధతుంది. మా తాతల నుంచీ వస్తోంది. మొదటి పాఠం శిష్యుల ఇంట్లో చెప్తాం. తండ్రి తన చేత్తో తాంబూలం ఇవ్వాలి. అప్పుడు నా దారంలోంచి ఒక పీక తీసి పాప చేతికిస్తాను. పీక ఇస్తేనే పాఠం. లేకపోతే లేదు."

"ఇంటికెందుకు రావడం?"

"ఇది వీణ కాదమ్మా, గదిలో తలుపేసుకోవడానికి. పాప నేర్చుకుంటుంటే ఇంటిల్లిపాదీ భరించాలి, వీధి భరించాలి. భరించే ఇల్లో కాదో చూడకుండా పీక ఇవ్వను."

ఇది కూడా నాకు సబబుగానే తోచింది.

ఇంటికొచ్చాక మా అబ్బాయి విన్నాడు. మొదట నవ్వాడు. ఆపైన నవ్వలేదు.

"మనకెందుకమ్మా అది? ఇంకేం లేవా?"

"ఉన్నాయి. దానికి అక్కర్లేదు."

"చిన్నపిల్ల. దానికేం తెలుసు?"

"నీకు తెలుసుగా, చెప్పు. ఎందుకు వద్దు?"

చెప్పలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరి నోటా రాదు. చదువుకున్నవాళ్లం కదా. "ఊపిరితిత్తులు పాడవుతాయి," అన్నాడు చివరికి. ఇరవై ఏళ్లుగా పురుగుమందులు అమ్ముతున్నవాడు అనాల్సిన మాటే.

పిల్ల మాత్రం రోజూ అడుగుతోంది, మేష్టారు ఎప్పుడొస్తారని. అడిగి అడిగి వాడి చేత సరే అనిపించింది. మేడమ్ ఫోన్ చేసి రోజు చెప్పింది.

ఆ ఉదయం మా కోడలు ఇల్లంతా కడిగింది. ఆవిడ మనసు కష్టపెట్టుకునే మనిషే గాని పని దగ్గర లోటు చేయదు. వీధి వరండాలో గేటు పక్కన కొత్త చాప వేసింది. టేబుల్ ఫ్యాను పెట్టింది. స్టూలు మీద మంచినీళ్లు, పళ్లెంలో తమలపాకులు, వక్కలు, పండ్లు, పంచెల చాపు. చూసి నేనూ బాగుందనే అన్నాను. మా అబ్బాయికి ఆ పూటే లోడు దిగిందట, కొట్టుకి వెళ్లాడు. గంటలో వస్తానన్నాడు.

మేష్టారు ఆటోలోంచి దిగాడు. తెల్లపంచె, ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచి. వరండాలో చాప వంక చూశాడు. తెరిచి ఉన్న తలుపులోంచి హాలు వంక, సోఫాల వంక చూశాడు. చాప మీద కూర్చున్నాడు.

"బాబుగారు లేరా?"

"వచ్చేస్తారండి," అంది కోడలు.

సరేనన్నాడు. సంచిలోంచి శ్రుతి పెట్టె తీసి మీట నొక్కాడు. సన్నాయి తీశాడు, పీక తడిపాడు, ఊదడం మొదలుపెట్టాడు. మా పిల్ల పట్టులంగా వేసుకుని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేను గడప మీద కూర్చున్నాను.

ఆయన ఊదాడు చూడండి, అంత దగ్గర నుంచి నేనెప్పుడూ వినలేదు. పెళ్లిళ్లలో మనం ఎప్పుడు విన్నాం గనక? వాళ్లు ఊదుతుంటే మనం భోజనాల సంగతి మాట్లాడుకుంటాం. ఈయన ఎంతసేపటికీ ఊపిరి తీసుకోడే. రాగం అలా సాగుతూనే ఉంది. ఎప్పుడు పీలుస్తాడో పట్టుకుందామని ఆయన రొమ్ము వంకే చూస్తూ కూర్చున్నాను. దొరకలేదు.

వీధి వీధంతా వచ్చేసింది. గేటు దగ్గర ఆడవాళ్లు, సైకిలాపి ఒకాయన, మేడల మీంచి తలలు. ఎదురింటావిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ లోపలికే వచ్చింది.

"ఏంటొదినా, ఒక్క మాటైనా చెప్పలేదు. ఏం శుభకార్యం?"

కోడలు, "ఏం లేదండీ, ఊరికే," అంది.

"ఊరికే మేళం పెడతారా ఎవరైనా? మీ ఇంట్లో పెళ్లీడు వాళ్లెవరున్నారు? మీ అత్తగారికా కొంపదీసి?"

గేటు దగ్గర అందరూ నవ్వారు. నేను, "ఈ నెలలో ముహూర్తాలు లేవు, లేకపోతే చేసుకునేదాన్నే," అన్నాను. మేష్టారు మంగళం ఊది ఆపాడు. పెళ్లి అయిపోయాక ఊదుతారే, అదే. శ్రుతి పెట్టె కట్టేశాడు. సన్నాయి గుడ్డలో చుట్టాడు.

కోడలు కంగారుగా, "పాఠం ఎప్పుడండి?" అంది.

"మేళం కూర్చునే చోట కూర్చోబెట్టారమ్మా. మేళం వాయించాను. బాగుందా?"

పళ్లెం ముట్టుకోలేదు. నాకొక నమస్కారం పెట్టి, గేటు దగ్గర జనాన్ని తప్పుకోమని, అటుగా వచ్చిన ఆటో ఆపి ఎక్కి స్టేషనుకి వెళ్లిపోయాడు.

అప్పుడు గాని మా కళ్లకి ఆ చాప కనపడలేదు. గృహప్రవేశం నాడు మేళంవాళ్లు కూర్చున్నది ఆ మూలే. పక్క వీధిలో ఎవరింట్లో శుభకార్యమైనా గేటు పక్కన ఆ మూలే. కోడలు అవమానించాలని వేయలేదు. సన్నాయి అనగానే చెయ్యి చాపని అక్కడికే తీసుకెళ్లింది. కీబోర్డు మేష్టారైతే చెయ్యి ఆయన్ని సోఫా దగ్గరికి తీసుకెళ్లేది.

లోడు దించుకుని మా అబ్బాయి వచ్చాడు. దారిలోనే ఎవరో శుభాకాంక్షలు చెప్పారట, మండిపోతూ వచ్చాడు.

"ఆయనే వెళ్లిపోయాడుగా. మనం పొమ్మన్నామా? అయిపోయింది. కీబోర్డు కొంటాను."

పిల్ల చాప పక్కనే ఉంది. "కీబోర్డుకి ఊదడం ఉండదు నాన్నా," అంది. ఏడవలేదు. లేచి లోపలికి వెళ్లి పట్టులంగా విప్పి మడత పెట్టుకుంది. ఆ తర్వాత మేష్టారి సంగతి అడగడం మానేసింది. మళ్లీ పాత పిల్లయిపోయింది. పెడితే తింటోంది, తీసేస్తే ఊరుకుంటోంది. డాన్సు మానేసినప్పుడూ చెస్ మానేసినప్పుడూ మాకు తేడా తెలియలేదు. ఈసారి తెలిసింది. దాన్ని అలా చూడటం నావల్ల కాలేదు.

అన్నం దగ్గర మా అబ్బాయిని పట్టుకున్నాను.

"ఒరే, నీ పెళ్లిలో డోలాయన ఎక్కడికో వెళ్లి రావడం ఆలస్యమైతే, తాళి చేత్తో పట్టుకుని గుడ్లప్పగించి నిలబడ్డావు గుర్తుందా? మేళం లేకుండా కట్టే ధైర్యం నీకు లేదు. అలాంటిది ఆయన మన సోఫాలో కూర్చుంటే నీకేం పోతుంది?"

"నాకేం పోదమ్మా. నలుగురూ ఏమనుకుంటారో అని."

"నలుగురూ నాకు పెళ్లనుకున్నారు. ఇంక అంతకంటే ఏమనుకుంటారు?"

కోడలు నీళ్లు తాగుతూ పొలమారింది. వాడు కంచంలో గీతలు గీశాడు. "ఏం చేయమంటావు?" అన్నాడు.

"తాంబూలం తండ్రి చేత్తో ఇవ్వాలన్నాడు. లోడు చేత్తో కాదు."

ఆదివారం కొట్టు మూసి, రేపల్లె పాసింజరెక్కాం. వాడు, నేను, పిల్ల. వాడి ఒళ్లో తాంబూలం సంచి. మేడమ్‌ని అడిగి తెలుసుకున్నాం, రేపల్లె స్టేషను వెనకే మేష్టారి ఇల్లు. రెండు గదులు, ముందు రేకుల పంచ. పంచలో ఇద్దరు కుర్రాళ్లు చాప మీద కూర్చుని సరిగమలు అంటున్నారు. మమ్మల్ని చూసి మేష్టారు లేవలేదు.

"మళ్లీ వచ్చారేంటమ్మా?"

నేను నోరు తెరవబోతే మా అబ్బాయి ముందుకొచ్చాడు. "మొన్న మాదే పొరపాటండి. చాప వేశాం," అన్నాడు.

"చాప తప్పు కాదు బాబూ. నేనూ చాప మీదే కూర్చుంటాను, చూస్తున్నారుగా. వాకిట్లో వేశారు."

వాడు సంచి విప్పాడు. పళ్లెం అడిగి తీసుకుని, అందులో పండ్లు, బట్టలు సర్ది, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. మేష్టారు గడియారం చూసుకున్నాడు, కుర్రాళ్ల తాళం సరిచేశాడు, మోకాలు రాసుకున్నాడు. వాడి చేతులు నొప్పి పుట్టి ఉంటాయి. ఆ తర్వాత నిదానంగా లేచి పళ్లెం అందుకున్నాడు. పిల్ల ఆయన కాళ్లకి దణ్ణం పెట్టింది. పెడుతుంటే నేను మా అబ్బాయి ముఖం చూశాను. చూడాలి కదా. వాడు కుర్రాళ్ల వంక చూస్తున్నాడు.

"మీ ఇంటికి మాత్రం ఇంక రాను," అన్నాడు మేష్టారు. "కోపం కాదు. నా పద్ధతి ప్రకారం ఇంటికి ఒక్కసారే వెళ్తాను, ఆ ఒక్కసారీ అయిపోయింది. నేర్చుకోవాలంటే ఆదివారం పాప ఇక్కడికే రావాలి. మేడమ్ గారికి చెప్పి రేపల్లెలో రాయించుకోండి."

కోపమే. పద్ధతి అని పేరు పెట్టాడు. మనిషికి ఆ మాత్రం ఉండాలి.

లోపల్నుంచి ఆయన భార్య అందరికీ కాఫీలు తెచ్చింది. మేష్టారు పీక ఇవ్వలేదింకా. పెరట్లోంచి బొప్పాయి ఆకు కాడ ఒకటి కోసుకొచ్చి, రెండు కొసలూ తెంపి, గ్లాసు నీళ్లలో పెట్టి పిల్లకి ఇచ్చాడు. "ఊదు. బుడగలు ఆగకూడదు. ఊపిరి తీసుకున్నా ఆగకూడదు."

పిల్ల ఊదింది. బుడగలు వచ్చాయి, ఆగాయి. మళ్లీ ఊదింది, ఆగాయి. మా అబ్బాయి కాఫీ పక్కన పెట్టాడు. ముందుకి వంగాడు.

"ఊపిరి తీసుకుంటూ ఊదడం ఎలా కుదురుతుందండి? రెండూ ఒకేసారి ఎలా?"

"అదే కదా బాబూ పాఠం. బుగ్గల్లో కొంచెం గాలి దాచుకోవాలి. బుగ్గలు ఆ గాలిని తోస్తుంటే ముక్కు కొత్తది పీలుస్తుంది. మీరూ చూడండి." ఇంకో కాడ తెంపి వాడి చేతికిచ్చాడు.

వాడు ఊదాడు. నీళ్లు చొక్కా మీద పడ్డాయి. కుర్రాళ్లు నవ్వారు. పిల్ల పకపకా నవ్వి, మళ్లీ తన గ్లాసు మీదికి వంగింది. చాలాసేపటికి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బుడగలు ఆగబోయి ఆగలేదు. మేష్టారు చూశాడు. దారంలోంచి ఒక పీక విప్పి, కళ్లకద్దుకుని, పిల్ల చేతిలో పెట్టాడు.

సాయంత్రం పాసింజర్లో తిరిగొస్తుంటే పిల్ల పీకని గుప్పిట్లోంచి తీయలేదు. సన్నాయి మేడమ్ ఇస్తుంది, పైవారం. అప్పటిదాకా ఊదడానికి ఏమీ లేదు కాబట్టి ఉత్త బుగ్గలు పొంగించి సాధన మొదలుపెట్టింది. పెట్టెలో జనం దాన్నే చూస్తున్నారు. ఎదుటి సీటులో ఒక ముసలాయన, "పాపకి పంటి నొప్పా అమ్మాయ్?" అని నన్నడిగాడు.

"లేదండి, సన్నాయి నేర్చుకుంటోంది," అన్నాడు మా అబ్బాయి. వాడే చెప్పాడు, నేను కాదు. ఆయన ఇంకేదో అడగబోతే, "ఒక్క నిమిషం ఉండండి," అని ఆపాడు. పిల్ల మళ్లీ బుగ్గలు నింపుతోంది. ముక్కుతో ఎప్పుడు పీలుస్తుందో చూద్దామని మేమిద్దరం దాని ముఖం మీదికి వంగి రెప్ప వేయకుండా కూర్చున్నాం. ముసలాయన కూడా వంగాడు. భట్టిప్రోలు పోయింది, వేమూరు వచ్చింది. ముగ్గురిలో ఒక్కరం కూడా పట్టుకోలేకపోయాం.